'బిహోల్డర్' అన్న మాట ఎవరి సొత్తు?

పాచికలరాయుడు:
పాచికలు వేస్తూ పాత్రలు ధరించి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని నియమాలతో చిన్న సాహసం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ఆ ఆట ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఆ నియమాలను ఇతరులూ వాడుకోవచ్చంటూ 2000లో తెచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ప్రచురిద్దామనుకుంటే, ఆటలోని 'బిహోల్డర్' అనే వింత ప్రాణి మాది, ముట్టుకోవద్దని వాళ్ల జాబితాలో ఉంది. బిహోల్డర్ అంటే చూసేవాడనే కదా! నిఘంటువులోని మాటకు కంచె ఏమిటి?

నల్లకోటు:
కంచె వేసింది చట్టం కాదు రాయుడు గారూ, మీరే వేయించుకుంటున్నారు. అమెరికా కాపీరైటు చట్టం ఒంటి మాటలకు, పేర్లకు రక్షణ ఇవ్వదు. ఆట ఆడే పద్ధతికీ ఇవ్వదు. కానీ లైసెన్సు అంటే ఒప్పందం. ఏడో నిబంధన చూడండి: అవతలివారు 'ప్రొడక్ట్ ఐడెంటిటీ'గా, అంటే తమకే సొంతమని, ప్రకటించినదాన్ని వాడనని మీరే రాసిస్తున్నారు. ప్రాణులు, మంత్రాలు, ఊళ్లు, ఆయుధాలు, వేటి పేర్లనైనా అలా ప్రకటించుకోవచ్చు. అది వాడుకలో ఉన్న మాట కాకూడదన్న షరతు లేదు. ఊరి బాట మీద నడవనని రాసిచ్చి, వాళ్ల పెరటి బావిలో నీళ్లు తోడుకోవడమే ఇది.

కొయ్యబొమ్మ:
ఆ బావి తవ్వింది వాళ్లే కదండీ. గుండ్రటి ఒళ్లు, నడుమ పెద్ద కన్ను, తల మీద కాడల చివర పది చిన్న కళ్లు: 1975 నుంచి ఉన్న ఆ రూపం ఆ ఆటకే సొంతమైన కల్పన. అదీ, మరికొన్ని పేర్లూ దాచుకుని మూల నియమాలు చాలావరకు ఊరికే ఇచ్చారు. మన పురాణాల్లోని రాక్షసుణ్ణి, నాగాన్ని మాత్రం తమవి అనలేదు, అందరికీ వదిలేశారు. ఇందులో అన్యాయం నాకు కనిపించడం లేదు.

నల్లకోటు:
రూపం గురించి మీతో పేచీ లేదు. వాళ్ల జాబితా కూడా చిన్నదే. నా బెంగ ఆ దారి పట్టిన చిన్న ప్రచురణకర్తల గురించి. 'ఈ పుస్తకంలోని పేర్లన్నీ మావే' అని మొదటి పేజీలో ఒకే ఒక్క వాక్యం! అందులో 'నల్ల బురుజు' ఉందనుకోండి, వాళ్ల పుస్తకం నుంచి నాలుగు నియమాలు తీసుకున్నవాడు తన కోటకు ఆ పేరు పెట్టడానికి జంకుతాడు.

కొయ్యబొమ్మ:
అంత భయమైతే ఆ లైసెన్సే వద్దు. 2023 జనవరిలో పాత లైసెన్సును రద్దు చేయబోయి, ఆటగాళ్లు తిరగబడితే వెనక్కి తగ్గారు. అదే నెల 27న ఆట మూల నియమాల 5.1 కూర్పును క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద ఇచ్చేశారు. మూలం ఎవరిదో చెబితే చాలు, మీ ఏడో నిబంధన అందులో లేదు.

పాచికలరాయుడు:
అయితే అదే పట్టుకుంటాను. పది కళ్లూ పీకేసి, మూసుకోని ఒకే కన్ను ఉంచుతున్నాను. పేరు 'చూపరి'. ఎవరూ ప్రకటించుకోలేదు కదా?

నల్లకోటు:
ఇంకా లేదు. మీ మొదటి పేజీలో మీరు ప్రకటించకండి.