నూడుల్స్ ముద్దయిపోతున్నాయి, బండి మీద విడివిడిగా ఎలా వస్తాయి?

పానగల్లు కోడలు:
పొద్దున్నుంచి వంటింట్లోనే ఉన్నా, విసుగొచ్చేసింది. మా నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఒక చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ ఉంది. సాయంత్రం అయితే నిలబడడానికి కూడా చోటుండదు, టోకెన్ తీసుకుని రోడ్డు మీద ఆగాలి. అయినా మా పిల్లలకు అక్కడి ఫ్రైడ్ నూడుల్సే కావాలి. పోగుకు పోగు అంటదు, కొంచెం పొగ వాసన, క్యాబేజీ ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. రేపు మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, ఇంట్లోనే చేసి పెడదామనుకున్నా. ప్యాకెట్ మీద రాసినట్టే ఉడికించా, వీడియోలో చూపించినట్టే వేయించా. కడాయిలో పడగానే ఉప్మా ముద్దలా అయిపోతోంది. గరిటె పెడితే ముక్కలు ముక్కలుగా తెగుతోంది. మా ఆయన పైకి ఏమీ అనడం లేదు గానీ నవ్వు ఆపుకుంటున్నాడు. ఎందుకిలా అవుతుందో ఎవరైనా త్వరగా చెప్పండి ప్లీజ్.

రాత్రి బండి:
ఒక్కసారికి ఎన్ని వేస్తున్నారు?

మర్రిగూడ మాస్టారు:
అమ్మా, ముందు ఏ నీళ్లతో ఉడికించారో చెప్పండి. మన జిల్లాలో ఏ వంట చెడినా మొదట చూడాల్సింది నీళ్లనే. బోరు నీళ్లలో క్షారం ఎక్కువ ఉంటుంది. అలాంటి నీళ్లలో ఉడికిస్తే నూడుల్స్ మీది గంజి ఎక్కువగా ఊడి వస్తుంది, ఆ గంజే జిగురు. ఉడికే నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి చూడండి. ఇంకో ముఖ్యమైన మాట. నీళ్లు బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. పోదు. నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, కాబట్టి మరిగించిన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు, వంటకూ వాడకూడదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. మన ఊరి పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది ఇలాగన్నమాట. మా వైపు నడుములు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లెవరూ నీళ్ల విషయం తేలిగ్గా తీసుకోరు.

పానగల్లు కోడలు:
నల్లా నీళ్లే సార్, ఉదయసముద్రం నుంచి వచ్చేవి. మీరు చెప్పింది మంచి విషయమే, కానీ నాది నూడుల్స్ సమస్య.

దేవరకొండ సుజాత:
అక్కా, ఇంట్లో ఆ రుచి రాకపోవడమే మంచిది. అక్కడ వేసేదంతా అజినమోటో. పిల్లలకు తలనొప్పి, గుండెదడ వస్తాయి. నేను మా ఇంట్లో ఆ పొడిని గడప తొక్కనివ్వను. గోధుమ పిండితో చేత్తో సేమ్యా ఒత్తి, నెయ్యి వేసి చేయండి. ఆరోగ్యానికి ఆరోగ్యం.

పాలమూరు ల్యాబ్:
సుజాత గారూ, అజినమోటో అనేది ఒక కంపెనీ పేరు. లోపల ఉండే పదార్థం మోనోసోడియం గ్లుటమేట్. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు రసంలోంచి దాన్ని వేరు చేశాడు. టమాటాలో, పుట్టగొడుగుల్లో కూడా గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. టమాటా పప్పు తిన్నాక మీకు గుండెదడ వచ్చిందా? ఈ భయమంతా 1968లో అమెరికాలో ఒక డాక్టర్ మెడికల్ పత్రికకు రాసిన ఉత్తరంతో మొదలైంది. ఇంకో సంగతి, సోడియం ఉప్పులో దాదాపు 39 శాతం ఉంటే ఇందులో 12 శాతమే.

దేవరకొండ సుజాత:
మా పక్కింటి వాళ్లు దాన్ని టేస్టింగ్ సాల్ట్ అంటారు. పేరు ఏదైతే ఏంటి సార్, నాకు తలనొప్పి వచ్చింది. ఉత్తరం ఎవరు రాశారో నాకెందుకు?

పాలమూరు ల్యాబ్:
వచ్చి ఉండొచ్చు. ఆ ప్లేటులో ఉప్పు, సోయా సాస్, పలుమార్లు మరిగిన నూనె అన్నీ ఉంటాయి. దేనివల్ల వచ్చిందో ఎలా తేల్చారు?

గ్యాస్ గోపాల్:
అందరూ ఆగండి. వీడియోలు చూసి మంట సరిపోవడం లేదని హై ప్రెషర్ రెగ్యులేటర్, భట్టీ బర్నర్ కొని ఇంటి సిలిండర్‌కు తగిలించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బండ్ల మీద కనిపించేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దాని బర్నర్ వేరు, పైపు వేరు. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌కు ఇచ్చే రెగ్యులేటర్ తక్కువ ప్రెషర్‌తో గ్యాస్ వదిలేలా తయారైంది. వంటింటి కిటికీలు మూసుకుని భట్టీ మంట పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పైపు ఎప్పుడు మార్చారో కూడా చూసుకోండి, మీద తేదీ ఉంటుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవండి.

పానగల్లు కోడలు:
నేను భట్టీ కొంటానని ఎక్కడన్నా? ఇంట్లో ఉన్న మామూలు స్టవ్ మీదే చేస్తున్నా. పెద్ద మంట పెట్టే చేస్తున్నా.

రాత్రి బండి:
ఎన్ని వేస్తున్నారో ఇంకా చెప్పలేదు. ఉడికించాక ఎక్కడ పెట్టారు?

పానగల్లు కోడలు:
నాలుగు ప్యాకెట్లు ఒకేసారి, మా బిర్యానీ గిన్నెలో. అందరికీ సరిపోవాలి కదా అన్నా. ఉడికించి నీళ్లు వంపి, వేడి పోకుండా హాట్‌బాక్స్‌లో పెట్టా. మూత పెట్టకపోతే ఈగలు వాలవా మరి? కూరగాయలు తరిగి, ఉప్పు పట్టించి ఉంచుకున్నా.

రాత్రి బండి:
ఇదీ సంగతి. హాట్‌బాక్స్‌లో ఆవిరి బయటికి పోదు, లోపలే ఉడుకుతూ ఉంటుంది. మీరు కడాయిలో వేసేసరికే అది ముద్ద.

నేను పదేళ్లు ఇదే పని చేశా, ఇప్పుడు మానేశా. మేము మధ్యాహ్నమే ఉడకబెట్టేవాళ్లం. నీళ్లు ఎక్కువ ఉండాలి, 150 గ్రాముల ప్యాకెట్‌కు రెండు లీటర్ల దాకా. నీళ్లు బాగా మరిగాక ఉప్పు, తర్వాత నూడుల్స్. గరిటెతో కదిలించి, పోగు కొరికితే మధ్యలో కొంచెం గట్టిగా తగలగానే దింపేయాలి. ప్యాకెట్ మీద రాసిన నిమిషాలు చూడకండి, కొరికి చూడండి. వెంటనే జల్లెడలో వంపి, చల్లటి నీళ్లు పోసి, చేత్తో విడదీయాలి. నీళ్లన్నీ కారిపోయాక ఒక చెంచా నూనె రాసి, పెద్ద పళ్లెంలో పలచగా పరచండి. ఫ్యాన్ కింద గంట ఉంచినా మంచిదే. ఈగల భయం ఉంటే పలచటి బట్ట కప్పండి, గట్టి మూత వద్దు.

వేయించేటప్పుడు ఒక్కసారికి ఒక ప్లేటు, మహా అయితే రెండు. ఇంటి మంటకు అంతకంటే ఎక్కువ వేస్తే కడాయి చల్లబడుతుంది, వేగడం ఆగి ఉడకడం మొదలవుతుంది. ఇనుప కడాయి బాగా కాగి సన్నగా పొగ వచ్చాక నూనె వేయండి. వెల్లుల్లి, ఉల్లిపాయ, క్యారెట్, క్యాబేజీ అర నిమిషం. ఉప్పు చివర్లో వేయండి, ముందే పట్టిస్తే క్యాబేజీ నీరు వదిలేస్తుంది. సోయా సాస్ నూడుల్స్ మీద కాకుండా కడాయి అంచున పోయాలి, అక్కడ మాడినట్టు అయి ఆ వాసన వస్తుంది. మిరియాల పొడి, దింపేముందు కొంచెం వెనిగర్. గరిటెతో పొడవకండి, కింద నుంచి ఎత్తి తిప్పండి. అజినమోటో వేసుకుంటారో లేదో మీ ఇష్టం, ముద్ద కావడానికీ దానికీ సంబంధం లేదు.

మర్రిగూడ మాస్టారు:
నేను నిమ్మరసం అన్నాను, ఆయన వెనిగర్ అన్నాడు. రెండూ పులుపే కదా.

రాత్రి బండి:
మీది ఉడికే నీళ్లలోకి, నాది చివర్లో వాసనకు.

కోల్‌కతా రిటర్న్:
అసలు ఇది చైనీస్ వంటే కాదు. నేను కోల్‌కతాలో ఉద్యోగం చేసిన రోజుల్లో టాంగ్రాలో తినేవాణ్ణి. అక్కడ తోలు పరిశ్రమల్లో పనిచేసిన హక్కా చైనీయులు మన వాళ్ల నోటికి తగ్గట్టు పచ్చిమిర్చి, వెల్లుల్లి పెంచి తయారుచేసిన వంట ఇది. చైనాకు వెళ్లి హక్కా నూడుల్స్ అని అడిగితే వింతగా చూస్తారు. చికెన్ మంచూరియా కూడా 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ మొదలుపెట్టాడని చెబుతారు. మన బోర్డుల మీద చైనీస్ అని రాయడం ఆపి ఇండియన్ చైనీస్ అనాలి.

పాలమూరు ల్యాబ్:
నూనెలో నూడుల్స్ వేయించడం చైనా నుంచి వచ్చిందే కదా. చౌమీన్ అక్కడిదే. పచ్చిమిర్చి వేసినంత మాత్రాన పుట్టిల్లు మారదు.

కోల్‌కతా రిటర్న్:
వేయించే పద్ధతి వేరు, వంటకం వేరు. అలా అంటే బజ్జీ కూడా నూనె కనిపెట్టినవాడిదే అవుతుంది.

దేవరకొండ సుజాత:
ఎక్కడిదైనా మైదానే.

గ్యాస్ గోపాల్:
పైపు తేదీ ఎవరైనా చూశారా?

పానగల్లు కోడలు:
రాత్రి ఒక ప్యాకెట్ ట్రై చేశా, విడివిడిగా వచ్చాయి. పొగ వాసన అంతగా రాలేదు, పిల్లలు మాత్రం గిన్నె ఖాళీ చేశారు. థ్యాంక్స్ అన్నా. రేపు ఎనిమిది మందికి ప్లేటు ప్లేటుగా వేయాలంటే స్టవ్ దగ్గరే నిలబడాలి, అదొక్కటే బాధ.

జడ్చర్ల బైక్:
అక్కా, ఆ గడియారం సెంటర్ ఫాస్ట్‌ఫుడ్ ఆదివారం తెరిచి ఉంటుందా? ఈ వారం సాగర్ పోతూ నల్గొండ మీదుగా వెళ్తున్నాం.