అప్‌డేట్: కెనడా అడవుల్లో చెట్లు కొట్టేముందు మూలవాసులను అడగాల్సింది ఎవరు?

పోయిన నెల నేనడిగింది ఇదీ: భూమి తమదేనని మూలవాసులు కోర్టులో ఇంకా రుజువు చేసుకోకముందే కలప నరికేస్తుంటే, వాళ్లతో సంప్రదించాల్సిన బాధ్యత ఎవరిది? కంపెనీదేనని పట్టుబట్టి వాదించాను కూడా. పొరబడ్డాను.

మీలో ఒకరు చెప్పినట్టే హైడా అనే మూలవాసుల కేసులో కెనడా సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పు తీసి చదివాను. బాధ్యత ప్రభుత్వానిది. పనిలో కొంత కంపెనీకి అప్పగించవచ్చు గానీ, బాధ్యతను వదిలించుకోవడానికి లేదు. హక్కు తేలేదాకా ఆగకుండా ముందే సంప్రదించాలని కూడా కోర్టు చెప్పింది. నిజమే, అది తేలేలోపు అడవే మిగలకపోవచ్చు. అయితే ఆ దశలో వాళ్లకు వీటో లేదు. నేను తడబడింది సరిగ్గా ఇక్కడే. సంప్రదింపునీ సమ్మతినీ ఒకటే అనుకున్నాను.

సమ్మతి సంగతి సిల్కోటిన్ అనే మరో మూలవాసుల కేసులో అదే కోర్టు 2014లో ఇచ్చిన తీర్పులో ఉంది. 1983లో ఇచ్చిన ఒక కలప లైసెన్సుతో మొదలైన గొడవ అది. ముప్పై ఏళ్లు! చివరికి దాదాపు 1,750 చదరపు కిలోమీటర్ల మీద వాళ్ల భూహక్కును కోర్టు ప్రకటించింది. అలా హక్కు తేలిన నేల మీద సమ్మతి కావాలి, లేదా తన చర్య సమర్థనీయమని మూలవాసుల హక్కులను గుర్తించే రాజ్యాంగంలోని 35వ సెక్షన్ కింద ప్రభుత్వం నిరూపించుకోవాలి. అంటే ఇదీ పూర్తి వీటో కాదు.

నా పేపర్లో మూడో అధ్యాయం మొత్తం కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. మూలవాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటనను అమలు చేయడానికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2019లో తెచ్చిన చట్టం మీదికి ఇంకా వెళ్లలేదు. దానికి మళ్లీ మిమ్మల్నే విసిగిస్తాను.