పాత మాస్సీ 1035 ట్రాక్టర్‌కి డ్రాబార్ ఎలా బిగించాలి?

అందరికీ నమస్కారం. మా తాతగారి మాస్సీ ఫెర్గూసన్ 1035ని ఇంజన్ విప్పించి మళ్లీ దారిలోకి తెచ్చాం. వెనక డ్రాబార్ (ట్రైలర్ తగిలించే కడ్డీ) మాత్రం లేదు, ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు చిన్న ట్రక్కు (ట్రైలర్) కట్టి చేలో నుంచి గడ్డి తోలుకోవాలి.

మొన్న మా బాబాయి టాప్ లింకు (వెనక పనిముట్లను పట్టుకునే పై కడ్డీ) పిన్నుకే గొలుసు తగిలించి, బురదలో దిగిన ట్రక్కును లాగబోయాడు. ముందు చక్రాలు జానెడు లేచాయి! క్లచ్ తొక్కాడు కాబట్టి సరిపోయింది. లాగే చోటు వెనక ఇరుసు కన్నా పైన ఉంటే బండి వెనక్కి తిరగబడుతుందని అప్పుడు తెలిసింది.

పనిముట్లు తగిలించే కింది రెండు లింకుల మధ్య బిగించే చిల్లుల పట్టీ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. దాన్ని పైకి లేవకుండా పట్టి ఉంచే స్టే కడ్డీలు లేవు. అవి లేకుండా లింకుల్ని ఎత్తే హైడ్రాలిక్ పూర్తిగా దించి లాగితే చాలంటాడు మా మెకానిక్. నాకైతే ధైర్యం చాలడం లేదు, లివర్‌కి చెయ్యి తగిలితే పట్టీ పైకి లేస్తుంది కదా?

స్టేలు వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా? లేక గేర్‌బాక్స్ కింద బోల్టులతో బిగించే కదలని డ్రాబారే మంచిదా? ఈ మోడల్‌కి వేయించినవాళ్లు నేల నుంచి ఎంత ఎత్తులో పెట్టారో, పిన్ను ఎంత లావుదో చెప్పండి. ఫొటో ఉంటే ఇంకా మేలు.