అప్‌డేట్: కర్క్యుమిన్ ఇస్తే ఆకుపచ్చ వెలుగు ఎందుకు పెరిగిందో తెలిసింది

పోయిన నెల నేను అడిగింది ఇది: వాపు సంకేతం అందితే జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తయారుచేసే కణాలకు పసుపులోని కర్క్యుమిన్ ఇచ్చాను. వాపును అణచాలి కాబట్టి వెలుగు తగ్గాలి. కానీ పెరిగింది. ఎందుకు?

జీఎఫ్‌పీ లేని మామూలు కణాలకూ అదే మోతాదు ఇచ్చి చూడమని ఒక అక్క చెప్పారు. ఇచ్చాను. అవీ మెరిశాయి! అంటే ఆ వెలుగు ప్రోటీన్‌ది కాదు, కర్క్యుమిన్‌దే. అయినా మనసు ఒప్పుకోలేదు. నల్లగొండలో ఇంటికొచ్చినప్పుడు అమ్మ గడపకు రాసే పసుపు చిటికెడు తీసుకుని సర్జికల్ స్పిరిట్‌లో కలిపాను. పొడి అడుగుకు దిగాక, చీకటి గదిలో దొంగనోట్లు పట్టే యూవీ టార్చ్ వేశాను. గ్లాసంతా పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలిగింది. అమ్మ పొయ్యి ఆపి మరీ వచ్చి చూసింది.

తర్వాత జీఎఫ్‌పీకి బదులు ఎంచెర్రీ అనే ఎర్రగా మెరిసే ప్రోటీన్ తయారుచేసే కణాలకు మారాను. జీఎఫ్‌పీ వెలుగు తరంగదైర్ఘ్యం 509 నానోమీటర్ల దగ్గర ఉంటే దీనిది 610 దగ్గర, అక్కడ కర్క్యుమిన్ అంతగా అడ్డురాదు. ఈసారి వెలుగు బాగా తగ్గింది. సంబరపడేలోపే కేంద్రకాలకు హెక్స్ట్ రంగు వేసి లెక్కపెడితే, 50 మైక్రోమోలార్ (గాఢత కొలత) కర్క్యుమిన్ దగ్గర సగం కణాలు చచ్చిపోయి ఉన్నాయి. కణమే లేకపోతే వెలుగెక్కడిది? 5 మైక్రోమోలార్ దగ్గర కణాలు బాగున్నాయి, వెలుగు మాత్రం కొంచెమే తగ్గింది. నేను నమ్మేది ఆ కొంచెం తగ్గుదలనే.

అక్కా, మీరు చెప్పకపోతే తప్పుడు గ్రాఫే మా సార్ చేతిలో పెట్టేదాన్ని. ఇదే పరీక్ష ఇంకో రెండుసార్లు చేసి ఫలితం చెప్తాను.