ఎయిర్ షో ఉంటే చికెన్ షాపులెందుకు మూయిస్తారు?

యలహంక_మదనపల్లె:
2025లో ఏరో ఇండియా ఎయిర్ షో అని ఇక్కడ బెంగళూరులో యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల మేర చికెన్, మటన్, చేపలు అన్నీ బంద్ చేశారు, జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా. హోటళ్లలో కూడా నాన్‌వెజ్ లేదు. పక్షులు విమానాలకి తగులుతాయట. సరే, ప్లేట్లో బిర్యానీ చూసి గద్ద రన్‌వే మీదికి వస్తుందా? మామూలు రోజుల్లో విమానాలు ఎగరవా? ఈ రిస్కు ఎలా లెక్కేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.

జీపు_డ్యూటీ:
బిర్యానీతో గొడవ లేదు బాస్, షాపు వెనక పారేసే పేగులతోనే. రూలు మామూలు రోజుల్లోనూ ఉంది. ఎయిర్‌పోర్టుకి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్త, మాంసం వ్యర్థాలు పడేయకూడదని 1937 నాటి విమాన నియమాల్లో 91వ రూలే ఉంది. అమలు సంగతి మీరే చూస్తున్నారుగా.

నేను వేరే ఊళ్లో ఎయిర్‌పోర్టులో పనిచేస్తా. మొత్తం ఎన్ని పక్షులు తగిలాయన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు. ఏ పక్షి, ఎంత బరువు, ఎంత తరచుగా వస్తోంది, దేనికోసం వస్తోంది అని జాతివారీగా రాసుకుంటాం. రన్‌వే మీద చచ్చిన పిట్ట దొరికితే ఊరికే పారేయం, ఈక ముక్కైనా సరే కవర్లో వేసి ఏ జాతో తేల్చడానికి పంపుతాం. తొలకరి పడి ఉసిళ్ళు లేచిన రోజు మాకు మహా టెన్షన్, లైట్ల దగ్గర అవి, వాటికోసం పిట్టలు, పిట్టల వెనక మేం జీపేసుకుని. బెదరగొట్టడానికి పెద్ద చప్పుడు చేసే గ్యాస్ గన్ పేలిస్తే మొదట్లో ఎగిరిపోతాయి, నాలుగు రోజులయ్యాక దాని పక్కనే కూర్చుంటాయి. చిన్న పిట్టలతో అంత భయం లేదు, గద్దలతోనే.

పాత_మెకానిక్:
చిన్న పిట్టల్ని తీసిపారేయకండి సార్. 1960లో బోస్టన్‌లో టేకాఫ్ అవుతున్న విమానాన్ని పడగొట్టినవి మన గోరింకల జాతి పిట్టలే, గుంపుగా ఇంజన్లలో పడ్డాయి, 62 మంది పోయారు. 2009లో న్యూయార్క్‌లో పెద్ద బాతులు రెండు ఇంజన్లనీ దెబ్బతీస్తే హడ్సన్ నదిలో దింపారు కాబట్టి 155 మందీ బతికారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. అయినా ఒక్క పెద్ద పక్షిని ఇంజన్లో వేసి చేసే పరీక్షలో ఇంజన్ ఆగినా ఫర్వాలేదు, ప్రమాదకరంగా ముక్కలై బయటికి చిమ్మకపోతే పాసే.

జీపు_డ్యూటీ:
నిజమే, అందుకే గుంపుగా తిరుగుతాయా లేదా అన్నది కూడా మా పట్టికలో ఉంటుంది.

కోడూరు_కుర్రాడు:
షాపులు మూసి డంపింగ్ యార్డు అలాగే ఉంచితే లాభమేంటి? గద్దలకి అడ్రస్ చెప్పాలా?

యలహంక_మదనపల్లె:
అదే కదా! మా వీధి చివర కాలువలో కోడి పేగులు ఏడాది పొడవునా ఉంటాయి.

జీపు_డ్యూటీ:
ఆ కాలువ ఫోటో, లొకేషన్ కార్పొరేషన్‌కి పెట్టి, ఒక కాపీ ఎయిర్‌పోర్టుకీ పంపండి. ఇలాంటివాటి కోసమే ఎయిర్‌ఫీల్డ్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ కమిటీలున్నాయి, మున్సిపాలిటీ వాళ్లు కూడా అందులో కూర్చుంటారు. ఫోటోలో తేదీ కనబడేలా చూసుకోండి, లేకపోతే పాతదని పక్కన పెట్టేస్తారు.