సమస్యాపూరణం: “దీప మార్పినంతఁ దెలివి గలిగె”

సమస్య: దీప మార్పినంతఁ దెలివి గలిగె
ఛందస్సు: ఆటవెలది (సమస్యను నాలుగవ పాదంగా ఉంచాలి)
అంశం: ఆద్యంతం చీకటిని మాత్రమే చూపిన పుస్తకాన్ని చదివిన పాఠకుని నిరాశ

నిర్వాహకుని మాట

ఈ సమస్యను ఇవ్వడానికి కారణం గత వారం నేను చదివి ముగించిన ఒక నవల. ఆ రచయిత వాక్యం చక్కనిది, పరిశీలన సూక్ష్మమైనది. మొదటి ఇరవై పుటలు చదివేసరికి మంచి పుస్తకం చేతికి వచ్చిందన్న సంతోషం కలిగింది. అయితే ఆ తరువాత వచ్చిన తండ్రి క్రూరుడు, గురువు స్వార్థపరుడు, స్నేహితుడు ద్రోహి, ప్రేమించిన స్త్రీ అబద్ధాలకోరు. చివరికి వర్షం కూడా గోడలు కూలడానికే కురిసింది తప్ప ఒక్క మొక్క మొలవడానికి కురవలేదు. మూడు వందల పుటలు గడిచాక నాకు మిగిలింది దుఃఖం కాదు. దుఃఖమే మిగిలి ఉంటే నేను ఆ రచయితకు కృతజ్ఞుడనై ఉండేవాడిని. ఆశతో తెరిచిన పుస్తకాన్ని ఏమీ అనిపించని స్థితిలో మూసివేయవలసి వచ్చింది, నా నిరాశ అదే.

“తెలివి” అన్న మాటకు బుద్ధి అన్న అర్థంతో పాటు మెలకువ, వెలుగు అన్న అర్థాలు కూడా ఉన్నాయి. దీపం ఆర్పితే వెలుగు కలగడం ఎట్లా అన్నదే సమస్యలోని విరోధం. కొత్తగా చేరినవారి కోసం లక్షణం చెబుతున్నాను. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గుంపులు), ఆపై రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల గుంపులు) ఉంటాయి. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో మైత్రి కుదరవలసిన చోటు. ప్రాస నియమం లేదు.

మొదటి పూరణ

పుటలు దిప్పఁ దిప్పఁ బొగయె కాని వెలుఁగు
పొడయుఁ గానరాని పొత్త మొకటి
చదివి చదివి విసిగి శయ్యపైఁ జేరి నే
దీప మార్పినంతఁ దెలివి గలిగె.

పరిశీలన: నడక హాయిగా ఉన్నది. “పొగయె కాని వెలుఁగు పొడయు” అని మొదటి పాదం నుండి రెండవ పాదంలోకి అన్వయం జారిపోయిన తీరు పుట తిప్పుతున్నట్లే ఉన్నది. మూడవ పాదంలో చకారానికి శకారంతో యతి సరిపోయింది. అయితే సమస్యలోని ముడి ఇంకా విడలేదు. దీపం ఆర్పి పడుకున్నవానికి రావలసినది నిద్ర. అతనికి తెలివి ఎందుకు కలిగిందో పద్యం చెప్పడం లేదు. “విసిగి” అన్న మాట కూడా తేలిక పడింది, ఎందుకంటే పొడవైన పుస్తకం ఏదైనా విసుగు పుట్టించవచ్చు. మనం అడిగినది అంతకంటే లోతైన నొప్పి.

రెండవ పూరణ

తీపి కతలకన్నఁ దెగడు పొత్తమె మేలు;
పుండుఁ జూపువాఁడె పూర్ణ హితుఁడు;
కల్ల యాస లనెడి కనుమాయ గలిగించు
దీప మార్పినంతఁ దెలివి గలిగె.

పూరణకర్త వివరణ: నిర్వాహకుల అభిప్రాయంతో నేను ఏకీభవించడం లేదు. లేని మంచిని ఉన్నట్లు చూపి జోకొట్టే పుస్తకాలు చదివి మోసపోయినవాడిని కనుక, చేదుగా ఉన్నా కన్ను తెరిపించే పుస్తకమే నాకు ఇష్టం. ఇక్కడ ఆరిన దీపం భ్రమ.

పరిశీలన: అంశానికి ఎదురు నిలిచిన పూరణ అయినా సమస్యను నిజంగా విప్పిన మొదటి పూరణ ఇదే. కళ్లకు మాయ కమ్మించే దీపం ఆరితే చూపు తేటపడుతుందన్న ఊహ పటిష్ఠంగా ఉన్నది. “పూర్ణ” అన్న విశేషణం మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్నది. హితుడు అన్న తరువాత పూర్ణత్వం అదనంగా చేర్చేది ఏమీ లేదు.

భావం విషయంలో ఒక మాట. పుండు చూపేవాడు హితుడే. అయితే అతడు వేలు పెట్టి “ఇక్కడ” అని చూపుతాడు, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న చర్మం వల్లనే అది పుండు అని మనకు తెలుస్తుంది. శరీరమంతా పుండే అని చెప్పేవాని మాటలో చూపడం ఎక్కడున్నది? నేను చదివిన నవలలో ద్రోహం నన్ను బాధించలేదు. నమ్మకం అన్నది ఎన్నడూ కనబడని లోకంలో ద్రోహానికి బరువు ఉండదు. తీపి కథలను నేను కోరడం లేదు. రచయిత తాను చెప్పదలచిన చేదుకు తానే రుచి లేకుండా చేసుకున్నాడన్నదే నా అభ్యంతరం.

మూడవ పూరణ (ఛందస్సు నేర్చుకుంటున్న సభ్యునిది)

మంచి యొకటి లేదు మనుజుల యందని
పుటలు వందలుగను పోగు వెట్టి
చేదు మాట లెల్ల వ్రాసిన పొత్తము
దీప మార్పినంతఁ దెలివి గలిగె.

పరిశీలన: గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, అందుకు అభినందనలు. మూడవ పాదంలో యతి తప్పింది. “చే”కు “వ్రా”తో మైత్రి లేదు. చకారానికి ఛ, జ, ఝ, శ, ష, స అక్షరాలతోనే చెల్లుతుంది. “చేదు మాట లెల్లఁ జేర్చిన పొత్తము” అంటే యతి కుదరడమే కాక, “పోగు వెట్టి” అన్న మాటకు “చేర్చిన” చక్కగా అందుతుంది. ఇక అన్వయం. దీపం ఎవరిది, ఆర్పినది ఎవరు అన్నది తెలియడం లేదు. “పొత్తము” అన్నచోట “పొత్తపు” అని ఒక్క అక్షరం మారిస్తే పుస్తకమే దీపమవుతుంది, నాలుగవ పాదం అతుకుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి చెప్పాలి, నొచ్చుకోవద్దు. మొదటి మూడు పాదాలూ ఒకే నింద. మంచి లేదని వ్రాసిన పుస్తకాన్ని ఆక్షేపిస్తూ మీ పద్యం కూడా అందులో మంచి ఒక్కటీ లేదనే అంటున్నది. మీరు ఆ పుస్తకంలో ఏ పుట దగ్గర ఆగిపోయారు, ఏమి చదివినప్పుడు మనసు విరిగింది? అది చెప్పండి. పద్యం అక్కడ దొరుకుతుంది.

నాలుగవ పూరణ

కరుణ వేఱు సుమ్ము, కాఱుచీఁకటి వేఱు;
కంట నీరు దెచ్చు కథయె వెలుఁగు;
నలుపు మీఁద నలుపె నలుదెసల్ నింపెడి
దీప మార్పినంతఁ దెలివి గలిగె.

పూరణకర్త్రి వివరణ: పుస్తకాన్ని దీపంతో పోల్చడం మనకు అలవాటు. వెలుగుకు బదులు నలుపును ప్రసరించే దీపం ఉంటే దానిని ఆర్పడమే వెలుగుకు దారి అన్న ఊహతో వ్రాశాను. మొదటి రెండు పాదాలు రెండవ పూరణకర్తకు నా సమాధానం. విషాదాంత కథలంటే నాకు ప్రాణం, వాటిని ఈ రకం పుస్తకాలతో ఒకే గంపలో వేయకూడదని నా విన్నపం.

పరిశీలన: ఇప్పటివరకు వచ్చినవాటిలో ఇది ఉత్తమమైన పూరణ. “నలుపు మీఁద నలుపె” అన్న చోట నకారం పదేపదే రావడం వల్ల, చెబుతున్న విసుగు చెవికి కూడా తెలుస్తున్నది. “నలుదెసల్” అన్న హలంత (పొల్లు అక్షరంతో ముగిసే) ప్రయోగం ఆటవెలది తేటదనానికి కొంచెం బిగువుగా తోచినా దోషం కాదు.

ఈ పద్యంలో చెప్పిన భేదాన్ని మన ఆలంకారికులు (కావ్యశాస్త్రం వ్రాసినవారు) వెయ్యేళ్లకు పూర్వమే గుర్తించారు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) రసానికి విరోధం కలిగించేవాటిని చెబుతూ “పరిపోషం గతస్యాపి పౌనఃపున్యేన దీపనమ్” అన్నాడు. నిండుగా పండిన రసాన్ని మళ్లీ మళ్లీ ఉద్దీపింపజేయడం ఆ రసానికే హాని అని దాని భావం. అనుభవించిన రసాన్ని పదేపదే తాకుతూ ఉంటే అది వాడిన పువ్వు వంటిదవుతుందని వృత్తిలో, అంటే ఆ కారికకు (సూత్రశ్లోకానికి) వ్రాసిన వివరణలో చెప్పాడు. తరువాతి కాలంలో కావ్యప్రకాశకర్త మమ్మటుడు దీనినే రసదోషాలలో చేర్చి, కాళిదాసు కుమారసంభవంలోని రతీవిలాపాన్ని (మన్మథుడు దగ్ధుడైనప్పుడు రతి ఏడ్చిన ఘట్టాన్ని) ఉదాహరణగా చూపాడు. కాళిదాసుకే తప్పని ఆక్షేపణ ఇది. రామాయణంలో కరుణమే ప్రధాన రసమని సిద్ధాంతం చేసిన ఆనందవర్ధనుడే ఈ హెచ్చరిక చేశాడన్నది మనం గమనించాలి. ఆయన శోకానికి విరోధి కాడు. శోకం వాడిపోవడమే ఆయనకు ఇష్టం లేదు. సమస్యలోని దీపానికీ ఆ కారికలోని దీపనానికీ మాట కలవడం నేను తలచిపెట్టినది కాదు, ఈ పూరణ చదివిన తరువాతనే స్ఫురించింది.

మహాభారతంలో స్త్రీపర్వం కంటే చీకటి ఘట్టం నాకు తెలియదు. గాంధారి యుద్ధభూమిలో కొడుకుల శవాలను ఒక్కొక్కటిగా చూస్తూ నడుస్తుంది. అయినా ఆ పర్వం మనలను మొద్దుబార్చదు. ఆ కొడుకులను ఆమె ఎంత ప్రేమించిందో ప్రతి మాటలోనూ వినబడుతుంది కనుక ఆ చీకటిలో ప్రేమ మండుతూనే ఉంటుంది. దాని వెనుకనే శాంతిపర్వం వస్తుంది.

రెండవ పూరణకర్త స్పందన

ఆనందవర్ధనుని మాటను ఒప్పుకుంటున్నాను. కనుమాయ గలిగించే దీపాలు ఉన్నాయన్న నా మాటను మాత్రం వెనక్కి తీసుకోను. “పూర్ణ హితుఁడు” అన్నది పొల్లు అన్న విమర్శ సరైనదే. “పుండుఁ జూపువాఁడె పొత్తుకాఁడు” అని సవరిస్తున్నాను. పొత్తమూ పొత్తూ దగ్గర దగ్గరగా వినబడడం కూడా నాకు నచ్చింది.

పరిశీలన: సవరణ బాగున్నది. యతి, గణాలు నిలిచాయి. స్నేహం అన్న అర్థం నేరుగా వచ్చింది.

మూడవ పూరణకర్త రెండవ ప్రయత్నం

మీరు అడిగిన ప్రశ్న రెండు రోజులు నన్ను వదలలేదు. నేను చదివినది కథల సంపుటి. అందులో ఒక కథలో ఎండలో నడిచి వచ్చిన బాటసారిని ఒక ముసలామె గుమ్మంలోకి పిలిచి నీళ్లు ఇస్తుంది. అంతవరకు నలభై పుటలు ఊపిరి బిగబట్టి చదివినవాడిని, అక్కడ కాసేపు ఆగాను. పుట తిప్పగానే, అతని దగ్గర ఏదో రాబట్టుకోవచ్చన్న దురాశతోనే ఆమె నీళ్లు ఇచ్చిందని రచయిత వ్రాశాడు. కథకు ఆ వాక్యం అవసరం లేదు. అది లేకపోయినా కథ అట్లాగే సాగుతుంది. ఆ మంచిని ఉండనివ్వడం రచయితకు ఇష్టం లేదు, అంతే. నేను ఆ పుస్తకాన్ని ముగించాను కాని నిజానికి నా చదువు అక్కడే ఆగిపోయింది.

దప్పి గొన్న వానిఁ దాపునకును బిల్చి
నీరొసంగు చేతి నెనరుఁ గూడఁ
గపట మనుచుఁ జెప్పి కర్త యా కడపటి
దీప మార్పినంతఁ దెలివి గలిగె.

పరిశీలన: గణాలు, యతులు నాలుగు పాదాలలోనూ సరిపోయాయి. సరళాదేశాలు (సంధిలో క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) కూడా జాగ్రత్తగా చేశారు. దీపం ఆర్పినది రచయిత, తెలివి కలిగినది పాఠకునికి. కర్తలు వేరైనా ఎక్కడా తడబాటు లేదు. ఇంతవరకు ఎవరూ చేయని పని మీరు చేశారు: పుస్తకాన్ని తిట్టలేదు, అది ఆర్పిన ఒక్క దీపాన్ని చూపించారు. “నీరొసంగు మనసు” అనకుండా “నీరొసంగు చేతి” అన్నందువల్ల నెనరు కంటికి కనబడుతున్నది. “కడపటి” అన్న విశేషణం చదివి నేను కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట అనాలంటే పాఠకుడు అంతవరకు మిగిలిన దీపాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ వచ్చి ఉండాలి.

నాలుగవ పూరణకర్త్రి: నా పద్యం కంటే ఇది మేలు. నేను చీకటిని గురించి చెప్పాను, మీరు ఆ ముసలామెను చూపారు. ఆ కథలో రచయిత కొట్టివేసిన ఆమె దయ మీ పద్యంలో మళ్లీ నిలిచింది.