యోకోజునా పక్కకు తప్పుకుంటే తప్పా? సుమోలో ‘హెంకా’పై చర్చ

గోదావరి గట్టు

సుమో కొత్తగా చూస్తున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నాకూ దీనిపై గట్టి అభిప్రాయమే ఉంది కనుక చర్చకు పెడుతున్నాను.

4.55 మీటర్ల వ్యాసం ఉన్న మట్టి బరిలో ఇద్దరు ఎదురెదురుగా వంగి, చేతులు నేలకు ఆనించి, ఒక్కసారిగా లేచి ఢీకొంటారు. ఆ తొలి ఢీని తాచిఆయి అంటారు. ఒకరు ఢీకొనకుండా పక్కకు తప్పుకుంటే ఎదుటివాడు తన ఊపుకు తానే బోర్లా పడతాడు, లేదా బరి దాటిపోతాడు. ఇదే హెంకా. జుట్టు పట్టి లాగడం, పిడికిలితో కొట్టడం, రెండు చెవులపై ఒకేసారి చరచడం, గొంతు నులమడం వంటివి సుమోలో నిషిద్ధం. ఆ జాబితాలో హెంకా లేదు. అయినా జనం ఛీకొడతారు.

2016 మార్చిలో, ఒసాకా టోర్నమెంటు చివరి రోజున హకుహో ఇలాగే హరుమఫుజిపై గెలిచాడు. ఇద్దరూ యోకోజునాలే. సుమోలో అంతకు మించిన హోదా లేదు. హకుహోకు అది 36వ టైటిల్. తొలిరోజు ఓడి, ఆ తర్వాత వరుసగా పద్నాలుగు పోటీలు గెలిచిన మనిషి ప్రేక్షకుల కేకల మధ్య క్షమాపణ చెప్పి కన్నీళ్లు పెట్టుకోవలసి వచ్చింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తల దించుకుని ఎదురుగా ఏముందో చూడకుండా దూసుకురావడం ఎదుటివాడి పొరపాటు. దాన్ని కనిపెట్టినవాడిదా తప్పు?

తాలింఖానా మనవడు

గోదావరి గట్టు గారూ, మీరు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. తాచిఆయిని ఎవరు మొదలుపెడతారు? ఈల లేదు, గంట లేదు. గ్యోజి, అంటే రెఫరీ, గడువు ముగిసిందని చెబుతాడే తప్ప లేవవలసిన క్షణాన్ని నిర్ణయించడు. ఒకరి ఊపిరిని ఒకరు గమనించుకుని, ఇద్దరి చేతులూ నేలను తాకాక, ఇద్దరూ కలిసి లేస్తారు. ఒకరు తొందరపడితే మళ్లీ మొదటికి వస్తారు. పై శ్రేణిలో ఇందుకోసం నాలుగు నిమిషాలు ఇస్తారు. ఉప్పు చల్లడం, వంగడం, కళ్లలో కళ్లు పెట్టి చూడడం, లేచి మళ్లీ మూలకు వెళ్లడం, ఇదంతా ఆ ఒక్క క్షణం కోసం ఇద్దరి మధ్య కుదురుతున్న ఒప్పందం. పోటీని ప్రారంభించే అధికారాన్ని ప్రత్యర్థులకే వదిలేసిన క్రీడ నేను మరొకటి చూడలేదు. నా దృష్టిలో సుమో యుద్ధకళగా నిలిచి ఉన్నది ఆ చోటనే. అక్కడ పక్కకు జరగడం మాట ఇచ్చి తప్పడమే.

మా తాతగారు నడిపిన తాలింఖానాలో చేతులు కలపకుండా పట్టు మొదలయ్యేది కాదు. ఎవరైనా కలిపిన చేతిని లాగి పడేస్తే ఆ పోటీ గెలిచినట్టే లెక్క. కానీ ఆ పూట అతనితో మళ్లీ ఎవరూ జోడీ కట్టేవారు కాదు.

ఇక యోకోజునా సంగతి. మిగిలిన అందరూ ఓడితే కిందికి జారతారు. యోకోజునాకు ఆ భయం లేదు. ఎన్ని ఓడినా హోదా తగ్గదు. నిలబడలేనని తెలిసిన రోజున వైదొలగడమే. ఆ స్థానానికి ఎంపిక చేసేటప్పుడు బలంతో పాటు నడవడిని, హుందాతనాన్ని కూడా చూస్తారు. 2015 నవంబరులో హకుహో తొచిఒజన్ ముఖం ముందు చప్పట్లు చరిచి తికమకపెట్టి గెలిచినప్పుడు, ఒకప్పటి గొప్ప యోకోజునా, అప్పటి సుమో సంఘం అధ్యక్షుడు కితనొఉమి, యోకోజునా చేయవలసిన పని కాదని బహిరంగంగానే అన్నాడు. నిబంధన అనుమతించిందా అన్నది ఆయన అడిగిన ప్రశ్న కాదు.

చిన్నవాడి పక్షం

ఇద్దరూ పెద్దవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. సుమోలో బరువును బట్టి విభాగాలు లేవు. అగ్రశ్రేణిలో సగటు బరువు 150 కిలోలకు పైమాటే. అలాంటి చోట ఎన్హో వంద కిలోలైనా లేకుండా పోటీపడ్డాడు. ఢీకొని తీరాలని అతనికి చెప్పడం న్యాయమా?

మైనొఉమిని గుర్తు చేసుకోండి. ఎత్తు చాలదని సుమోలో చేర్చుకోకుండా తిప్పి పంపితే నెత్తిమీద చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని వచ్చి పరీక్ష నెగ్గాడు. 1991 నవంబరులో రెండు మీటర్లకు మించిన ఎత్తున్న అకెబోనోను పడగొట్టాడు. ఒక కాలికి మెలిక వేసి, రెండో కాలిని చేత్తో పట్టి, తలతో రొమ్ము మీద నెట్టాడు. మూడు చోట్ల ఒకేసారి! అంత దగ్గరికి చేరాలంటే ముందు ఆ తొలి ఢీని తట్టుకోవాలి, లేదా తప్పించుకోవాలి. పక్కకు జరుగుతాడేమోనన్న అనుమానమే పెద్దవాడి వేగానికి కళ్లెం. ఆ అనుమానం పోతే బరువున్నవాడిదే రాజ్యం.

తాలింఖానా మనవడు

చిన్నవాడు తప్పుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను అడుగుతున్నది యోకోజునాను.

ఒసాకాలో నాలుగేళ్లు

నేను 2017 మార్చిలో, పద్నాలుగో రోజున, ఒసాకా స్టేడియంలో పై వరుసలో కూర్చుని ఉన్నాను. కొతొషోగికు అప్పటికే ఓజెకి హోదా కోల్పోయాడు. యోకోజునా తర్వాతి హోదా అది. తిరిగి పొందాలంటే ఆ టోర్నమెంటులో పది గెలవాలి. ఎనిమిది గెలిచి, ఐదు ఓడి ఉన్నాడు. ఇంకొక్కటి ఓడితే ఆశ లేదు. ఎదురుగా తెరునొఫుజి, టైటిల్ వేటలో ఉన్న మంగోలియా యోధుడు. మోకాళ్లు బాగాలేవు. లేస్తూనే పక్కకు జరిగాడు. కొతొషోగికు కుప్పకూలాడు.

ఆ తర్వాత వినిపించిన గోలను నేను మరచిపోలేను. మంగోలియాకు వెళ్లిపొమ్మని కూడా అరిచారు. ఒక క్రీడా పత్రిక ఆ మాటను శీర్షికలోకి ఎక్కించి, విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పుకుంది.

మర్నాడు చివరి రోజు. కిసెనొసతొ జపాన్‌లో పుట్టినవాడు. పంతొమ్మిదేళ్ల విరామం తర్వాత జపాన్ గడ్డ నుంచి వచ్చిన కొత్త యోకోజునా. పదమూడో రోజున ఎడమ భుజం దగ్గర గట్టి దెబ్బ తగిలింది. తెరునొఫుజిని వరుసగా రెండుసార్లు ఓడిస్తేనే టైటిల్. మొదటి పోటీలో ఆయనా నేరుగా ఢీకొనలేదు, పక్కకే జరిగాడు. గెలిచాడు. తర్వాతి నిర్ణాయక పోటీ కూడా గెలిచాడు. నేను గదిలో టీవీ ముందు ఉన్నాను. స్టేడియం ఊగిపోయింది. నేను కూడా ఎగిరి గంతేశాను.

రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు. నిన్న ఛీకొట్టిన పనినే ఈ రోజు నెత్తిన పెట్టుకున్నాం. అది కూడా యోకోజునా చేస్తే! తాలింఖానా మనవడు గారు చెప్పిన ఒప్పందాన్ని నేను నమ్ముతాను, ఆ నాలుగు నిమిషాల నిశ్శబ్దం నేరుగా చూసినవాడిని. కానీ దాన్ని కాపాడుతున్నామంటూ అరిచినవాళ్లం అందరికీ ఒకే కొలత వాడలేదు.

తాలింఖానా మనవడు

మీరు చెప్పింది నాకు తగిలింది. చేయి పనిచేయని మనిషికి ఇంకేం దారి ఉందని అనబోయాను. అప్పుడు తెరునొఫుజి మోకాళ్లు గుర్తుకొచ్చాయి. సరే, ఒప్పుకుంటున్నాను. కిసెనొసతొ చేసిందీ అదే పని, దానికీ అదే పేరు. కానీ నా మాటను వెనక్కి తీసుకోను. నిబంధనగా రాస్తే హెంకా ఆగుతుంది, దానితో పాటు ఇద్దరూ నమ్మకంతో లేచే ఆ క్షణానికి విలువ కూడా పోతుంది. తప్పుకునే వీలుండి కూడా తప్పుకోనప్పుడే కదా ఎదురు నిలవడం గొప్ప. అది రాతలో ఉండకూడదు, మనిషిలో ఉండాలి.

గోదావరి గట్టు

నిషేధించకూడదన్న దగ్గర మనిద్దరం కలిశాం. ఇక్కడికి వస్తామని నేను అనుకోలేదు. హకుహో కన్నీళ్ల విషయంలో మాత్రం నా మనసు మారలేదు.

తెరునొఫుజి కథలో మిగిలింది కూడా చెబుతాను. ఆ తర్వాత గాయాలు, జబ్బులతో ఆరు శ్రేణుల్లో అడుగు నుంచి రెండోదాని దాకా జారిపోయాడు. 2020 జులైలో తిరిగి వచ్చి అగ్రశ్రేణి టైటిల్ గెలిచాడు. 2021లో యోకోజునా అయ్యాడు. కిసెనొసతొ మాత్రం ఆ గాయం నుంచి పూర్తిగా కోలుకోలేక 2019 జనవరిలో విరమించాడు.

యోకోజునాగా తెరునొఫుజి ఆడిన పోటీలు దొరికితే చూడండి. ఎదుటివాడి ఢీని రొమ్ముతో తీసుకుని, రెండు చేతులూ బిగించి, ఊపిరాడకుండా చేసి బయటికి నడిపించేవాడు.

ఒసాకాలో నాలుగేళ్లు

చూశాను. అవే మోకాళ్లతో.